ఓడినవారి మాట నిలిచింది: అమెరికా రాజ్యాంగాన్ని కాదన్నవారి చరిత్ర

ఏ సంఘంలోనైనా సర్వసభ్య సమావేశం జరిగే రోజున ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "కార్యవర్గానికి ఇన్ని అధికారాలు ఎందుకు?" అని వెనుక వరుసలోంచి ఎవరో ఒకరు లేచి అడుగుతారు. "అధికారం లేకుండా పనులెట్లా అవుతాయి భాయ్?" అని ముందు వరుసలోని వారు జవాబు చెబుతారు. తీర్మానం ఓటుకు పెడతారు. సాధారణంగా ముందు వరుసవారే గెలుస్తారు. వెనుక వరుసలోని పెద్దమనిషి గొణుక్కుంటూ ఇంటిదారి పడతాడు. మరి ఆయన అడిగిన ప్రశ్న అంతటితో పోయినట్టేనా?

ఒకప్పుడు ఒక దేశం మొత్తానికి ఇదే ప్రశ్న ఎదురయింది. 1787, 1788 సంవత్సరాలలో, కొత్తగా స్వాతంత్ర్యం సంపాదించుకున్న అమెరికాలో, బలమైన కేంద్ర ప్రభుత్వం కావాలా వద్దా అని ఊరూరా వాదోపవాదాలు జరిగాయి. గెలిచిన వాషింగ్టన్, మాడిసన్, హామిల్టన్ వంటి వారి గురించి మనం బడి పుస్తకాల్లో చదువుకున్నవాళ్లమే. ఓడినవారి పేర్లు మాత్రం మన పిల్లలకు అంతగా తెలియవు. ఈ సంచికలో మేము ఆ ఓడినవారి పక్షం ఏమిటో నాలుగు మాటలు చెప్పదలిచాం. వారు చెప్పినదంతా ఒప్పని కాదు. వారి వాదనలో ఎంత నిజం ఉందో, ఎక్కడ లోపం ఉందో రెండూ చూడవలసిందే.

పదమూడు రాష్ట్రాల ఉమ్మడి

1776 జూలై 4న పదమూడు వలస రాష్ట్రాలు ఇంగ్లండు రాజుతో తెగతెంపులు చేసుకున్నాయి. యుద్ధం ముగిసి పారిస్ సంధి జరిగింది 1783లో. ఈలోగా ఆ రాష్ట్రాలు తమలో తాము ఒక ఒడంబడిక వ్రాసుకున్నాయి. అది 1781 మార్చి 1న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం పెద్దదైనా చిన్నదైనా రాష్ట్రానికి ఒక్కటే ఓటు. కేంద్రంలో కాంగ్రెసు అనే సభ ఒకటి ఉండేది గాని, దానికి పన్ను వేసే అధికారం లేదు. డబ్బు కావాలంటే రాష్ట్రాలను అడగాలి. ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు. ఒడంబడికలో ఒక అక్షరం మార్చాలన్నా పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి.

ఇంత బలహీనమైన కేంద్రాన్ని ఎందుకు పెట్టుకున్నారు? పాలతో మూతి కాలినవాడు మజ్జిగను కూడా ఊది తాగుతాడని మన పెద్దలు అంటారు గదా, అదీ సంగతి. సముద్రం అవతల కూర్చున్న పార్లమెంటు తమ మీద పన్నులు వేసిందని వారు యుద్ధం చేశారు. మళ్లీ ఇంకొక దూరపు సభ చేతిలో తమ డబ్బు సంచి పెట్టడానికి వారికి మనసొప్పలేదు.

కాని పనులు నడవలేదు. యుద్ధానికి చేసిన అప్పులు తీరలేదు. దిగుమతి సరుకుల మీద నూటికి 5 వంతున సుంకం వేసుకుంటామని కాంగ్రెసు 1781లో అడిగితే, అన్నిటిలోకీ చిన్నదైన రోడ్ ఐలండ్ రాష్ట్రం మరుసటి యేడు కాదు పొమ్మన్నది. ఒక్కరు కాదంటే అంతే. ప్రతిపాదన పడిపోయింది.

1786లో మసాచుసెట్స్ రాష్ట్రపు పడమటి జిల్లాల్లో రైతులు తిరగబడ్డారు. పన్నులు బరువై, అప్పులు తీరక, కోర్టులు భూములు జప్తు చేస్తుంటే వారు వెళ్లి ఆ కోర్టులనే మూయించారు. వారి నాయకులలో డేనియల్ షేస్ అనే ఆయన స్వాతంత్ర్య యుద్ధంలో కెప్టెనుగా పనిచేసినవాడు. 1787 జనవరిలో వారు స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారం మీదికి వెళ్లి చెదరిపోయారు. ఈ గొడవతో ఉన్నవారి గుండెల్లో రాయి పడింది. కేంద్రాన్ని బలపరచక తప్పదనే మాట అప్పుడే జోరందుకుంది.

మూసిన తలుపుల వెనుక

1787 మే 25న ఫిలడెల్ఫియా నగరంలో సమావేశం మొదలయింది. అంతా కలిపి 55 మంది ప్రతినిధులు వచ్చారు. రోడ్ ఐలండ్ ఎవరినీ పంపలేదు. తలుపులు, కిటికీలు మూసి, లోపలి మాట బయటికి పొక్కకూడదని కట్టుబాటు చేసుకుని నాలుగు నెలలు కూర్చున్నారు. పాత ఒడంబడికను సవరించడానికని పిలిచిన సమావేశం, దాన్ని పక్కన పెట్టేసి సరికొత్త రాజ్యాంగం వ్రాసింది.

సెప్టెంబరు 12న వర్జీనియా ప్రతినిధి జార్జ్ మేసన్ లేచి, ఈ రాజ్యాంగానికి ముందు ప్రజల హక్కుల పత్రం ఒకటి ఉంటే బాగుంటుందని అన్నాడు. ఆయన ఆషామాషీ మనిషి కాదు. 1776లో వర్జీనియా హక్కుల ప్రకటన వ్రాసింది ఆయనే. కొద్ది గంటల్లో తయారు చేయవచ్చు, ఒక ఉపసంఘం వేయండి అని అడిగారు. ఓటు పెడితే ఒక్క రాష్ట్రం కూడా అవునని చెప్పలేదు. సెప్టెంబరు 17న 39 మంది సంతకాలు పెట్టారు. చివరిదాకా ఉండి కూడా ముగ్గురు పెట్టలేదు. మేసన్, వర్జీనియాకే చెందిన ఎడ్మండ్ రాండాల్ఫ్, మసాచుసెట్స్ నుంచి వచ్చిన ఎల్‌బ్రిడ్జ్ గెరీ.

పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలన్న పాత నియమం ఉండగా, తొమ్మిది ఒప్పుకుంటే చాలని కొత్త రాజ్యాంగం తనకు తానే వ్రాసుకున్నది. పని మంచిదే కావచ్చు, పద్ధతి ఏమిటి అని అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి.

కాదన్నవారి వాదన

రాజ్యాంగం కావాలన్నవారు తమకు ఫెడరలిస్టులని పేరు పెట్టుకున్నారు. కాదన్నవారికి యాంటీ ఫెడరలిస్టులనే పేరు అంటగట్టారు. "రాష్ట్రాల సమాఖ్య నిలవాలంటున్నది మేము, దాన్ని కరిగించేది వాళ్లు, పేర్లు మాత్రం తారుమారయ్యాయి" అని వీరు మొత్తుకున్నారు. వీరికి ఒక పార్టీ లేదు, ఒక నాయకుడు లేడు. వక్తగా పేరు మోసిన పాట్రిక్ హెన్రీ ఉన్నాడు. న్యూయార్కులో మెలాంక్టన్ స్మిత్ ఉన్నాడు. మెర్సీ ఓటిస్ వారెన్ అనే ఇల్లాలు కూడా మారుపేరుతో ఒక కరపత్రం వ్రాసింది. ఆ రోజుల్లో పత్రికల్లో పాత రోమను పేర్లు పెట్టుకుని వ్రాయడం రివాజు. బ్రూటస్ అనే పేరుతో న్యూయార్కు పత్రికలో వచ్చిన 16 వ్యాసాలు వీటన్నిటిలోకీ పదునైనవి.

మొదటి వాదన దేశం వైశాల్యం గురించి. ప్రజాప్రభుత్వం చిన్న దేశంలోనే నిలుస్తుంది, గ్రీసు, రోము రాజ్యాలు పెరిగి పెద్దవైన కొద్దీ నిరంకుశమైపోయాయి అన్నాడు బ్రూటస్. ఇంత పెద్ద దేశంలో పాలించేవాడికి ప్రజల కష్టం తెలియదు, ప్రజలకు పాలించేవాడి మీద నమ్మకం ఉండదు. నమ్మకం లేనిచోట చట్టం అమలు కావాలంటే సిపాయిలే దిక్కు.

రెండవ వాదన ప్రతినిధుల గురించి. మొదటి ప్రతినిధుల సభకు దేశం మొత్తానికి 65 మందిని పెట్టారు. 1790 జనాభా లెక్కల్లో అక్కడ 39 లక్షల మంది తేలారు. ఇంతమందికి 65 మందేనా? అంత పెద్ద నియోజకవర్గంలో గెలిచేది పేరున్నవాడు, డబ్బున్నవాడు. పొలం దున్నేవాడు, చేతిపని చేసేవాడు ఆ సభలో కనిపించడు. సభ అంటే ప్రజలకు అద్దంలాగా ఉండాలని మెలాంక్టన్ స్మిత్ న్యూయార్కు సమావేశంలో హామిల్టన్ ఎదుటే వాదించాడు.

మూడవది పన్నుల సంగతి. కేంద్రానికి పన్ను వేసే అధికారం హద్దు లేకుండా ఇచ్చారు. పైగా తన పని జరుపుకోవడానికి అవసరమైన, తగిన చట్టాలన్నీ చేసుకోవచ్చునని ఒక వాక్యం చేర్చారు. అవసరమేదో, తగినదేదో చెప్పేదెవరు? కేంద్రమే గదా! ఒకే జేబులో రెండు చేతులు పెడితే, బలమైన చేతికే డబ్బు దక్కుతుందని వీరి భయం.

నాలుగవది సైన్యం, న్యాయస్థానం. శాంతికాలంలో కూడా కేంద్రం సైన్యాన్ని మేపవచ్చు. సుప్రీంకోర్టు చెప్పే అర్థం మీద అప్పీలు లేదు. ఆ న్యాయమూర్తులు ఒక్కొక్క తీర్పుతో కేంద్రం అధికారాన్ని మెల్లమెల్లగా పెంచుకుంటూ పోతారని బ్రూటస్ వ్రాశాడు. 1819లో మెకలక్ కేసులో సుప్రీంకోర్టు ఆ "అవసరమైన, తగిన" అనే వాక్యాన్నే ఆధారం చేసుకుని కేంద్ర బ్యాంకును సమర్థించింది. ఆయన హెచ్చరిక అబద్ధమని ఎట్లా అనగలం?

అధ్యక్షుడు ఎన్నిసార్లయినా నిలబడవచ్చంటే అది రాజరికానికి దారి అని కూడా వారు అభ్యంతరం చెప్పారు. రెండుసార్లకు మించి ఎన్నిక కాకూడదనే నియమం రాజ్యాంగంలోకి ఎక్కేసరికి 1951 వచ్చింది.

అన్నిటికంటే జనం మనసుకు పట్టిన వాదన చివరిది. మత స్వేచ్ఛ, పత్రికా స్వేచ్ఛ, జ్యూరీ విచారణ వంటి హక్కులు కాగితం మీద ఏవి? "ఇవ్వని అధికారాన్ని కేంద్రం ఎట్లా వాడుతుంది? హక్కులు వ్రాయనవసరం లేదు" అని హామిల్టన్ జవాబు. "మంచివారు పాలించేటప్పుడు వ్రాత అక్కర్లేదు నిజమే, రేపు ఎవరొస్తారో!" అని వీరి ప్రశ్న.

ఇద్దరు రైతుల మాట

1788 జనవరిలో మసాచుసెట్స్ సమావేశంలో జరిగిన ఒక సంవాదం ఇక్కడ చెప్పుకోవాలి. ఏమస్ సింగిల్టరీ అనే ముసలి రైతు లేచాడు. ఈ లాయర్లు, చదువుకున్నవారు, డబ్బున్నవారు తియ్యగా మాట్లాడి మన చేత ఈ మాత్ర మింగిస్తున్నారు, తరువాత అధికారమంతా చేతికి తీసుకుని పెద్ద చేప యోనాను మింగినట్టు మనలాంటి చిన్నవారిని మింగేస్తారు అన్నాడు. యోనా అంటే మన హజ్రత్ యూనుస్ అలైహిస్సలాం. ఆ వృత్తాంతం తెలియని ఇల్లు మనలో ఉండదు.

దానికి జవాబు చెప్పింది లాయరు కాదు, ఇంకొక రైతే. జోనాథన్ స్మిత్ అనే ఆయన, నేను నాగలి పట్టి బతికేవాణ్ణి, సభల్లో మాట్లాడే అలవాటు లేదు అంటూ మొదలుపెట్టాడు. షేస్ తిరుగుబాటు జరిగిన ప్రాంతంలోనే ఆయన ఇల్లు. ప్రభుత్వం లేకపోతే ఎట్లా ఉంటుందో కళ్లారా చూశాం, ఇరుగుపొరుగులే తుపాకులు పట్టుకున్నారు, ఆ రోజున ప్రభుత్వమనే పేరున్న దేన్నయినా గట్టిగా పట్టుకునేవాళ్లం, ఈ రాజ్యాంగం చదివితే ఆ రోగానికి మందులా కనిపించింది, ఏ లాయరునూ అడగలేదు, నాకు ఏ పదవీ వద్దు అని చెప్పాడు.

ఇద్దరూ రైతులే, ఇద్దరూ నిజాయితీపరులే. ఒకరికి బలమైన ప్రభుత్వం అంటే భయం. ఇంకొకరికి ప్రభుత్వం లేకపోవడం అంటే భయం. రెండు భయాలూ నిజమైనవే. చరిత్ర చదివేటప్పుడు ఒక పక్షంవారు మంచివారు, ఇంకొక పక్షంవారు దుర్మార్గులు అని గీత గీయడం తేలికే గాని, ఇటువంటి మాటలు విన్నాక ఆ గీత నిలవదు.

ఎట్లా ఓడారు, ఏం గెలిచారు

పోరు చాలా దగ్గరగా సాగింది. కొన్నిచోట్ల మర్యాద కూడా తప్పింది. పెన్సిల్వేనియాలో కోరం చాలకుండా చేయాలని సభకు రాకుండా కూర్చున్న సభ్యులలో ఇద్దరిని జనం బసలోంచి ఈడ్చుకొచ్చి సభలో కూర్చోబెట్టారు. మసాచుసెట్స్‌లో 187 మంది అవునంటే 168 మంది కాదన్నారు. 1788 జూన్ 21న న్యూహాంప్‌షైర్ తొమ్మిదవ రాష్ట్రంగా ఆమోదించడంతో రాజ్యాంగం ఖాయమయింది. వర్జీనియాలో 89కి 79, న్యూయార్కులో 30కి 27. న్యూయార్కులో ఇద్దరు అటు నుంచి ఇటు మారి ఉంటే లెక్క తలకిందులయ్యేది. నార్త్ కరోలినా మొదటిసారి ఆమోదించనే లేదు, 1789 నవంబరులో ఒప్పుకుంది. రోడ్ ఐలండ్ 1790 మేలో 34కి 32 ఓట్లతో వచ్చి చేరింది.

మసాచుసెట్స్‌లో ఒక రాజీ కుదిరింది. ఇప్పుడు ఆమోదించండి, కావలసిన సవరణలు సిఫారసు చేయండి అని. తరువాతి రాష్ట్రాలు చాలావరకు అదే బాట పట్టాయి. ఓడినవారు కూడా ఆ మాటను వదలలేదు. వర్జీనియాలో పాట్రిక్ హెన్రీ వర్గం మాడిసన్‌ను సెనేటుకు పోనివ్వలేదు. ప్రతినిధుల సభకు నిలబడితే రాజ్యాంగాన్ని వ్యతిరేకించిన జేమ్స్ మన్రో ఎదురు నిలిచాడు. హక్కుల పత్రం అవసరం లేదన్న మాడిసన్, దానికోసం పాటుపడతానని ఓటర్లకు మాట ఇచ్చి గెలిచాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు కూడా. 1789 జూన్ 8న సవరణలు సభ ముందు పెట్టాడు. వాటిలో పది 1791 డిసెంబరు 15 నాటికి రాజ్యాంగంలో చేరాయి. ప్రపంచమంతా గొప్పగా చెప్పుకునే అమెరికా హక్కుల పత్రం ఇదే. దాన్ని చట్టం చేసింది గెలిచినవారు. చేయించింది ఓడినవారు.

దీపం కింద చీకటి

ఇక రెండవ వైపు. నార్త్ కరోలినా సమావేశంలో 1788 జూలై 30న ఒక చిత్రమైన చర్చ జరిగింది. ఉద్యోగానికి, పదవికి మతపరీక్ష పెట్టరాదని రాజ్యాంగం ఆరవ అధికరణంలో ఉంది. అట్లాగయితే రేపు ముసల్మానులు కూడా పదవుల్లోకి వస్తారేమో అని కొందరికి సందేహం కలిగింది. రాజ్యాంగం పక్షాన జేమ్స్ ఐర్డెల్ జవాబిచ్చాడు. ఎవరినో ఒకరిని బయట పెడితే మనం కోరుకునే మత స్వేచ్ఛ సూత్రమే పోతుంది, అందరికీ ఉంటేనే అది స్వేచ్ఛ అన్నాడు. ఆ మాట చెప్పేనాటికి అది ఊహ మాత్రమే. 2007 జనవరిలో అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన మొదటి ముస్లిం సభ్యుడు కీత్ ఎలిసన్, ప్రమాణ వేడుకలో ఒకప్పుడు జెఫర్సన్ దగ్గర ఉండిన ఖురాన్ ప్రతిని ఉపయోగించాడు.

హక్కులకోసం ఎలుగెత్తినవారు ఇంకొక సంగతి చూడనే లేదు. 1790 లెక్కల్లోని 39 లక్షల్లో దాదాపు 7 లక్షల మంది బానిసలు. మేసన్, హెన్రీ ఇద్దరూ బానిసల యజమానులే. బలమైన కేంద్రం వస్తే ఏదో ఒకనాడు బానిసలను విడిపిస్తుందేమో అని కూడా హెన్రీ వర్జీనియా సభను హెచ్చరించాడు. ఆఫ్రికా నుంచి తెచ్చిన ఆ బానిసలలో ముసల్మానులూ ఉన్నారు. ఒమర్ ఇబ్న్ సయీద్ అనే చదువుకున్న మనిషిని 1807లో చార్లెస్టన్ రేవులో అమ్మారు. ఆయన తరువాత నార్త్ కరోలినాలోనే బతికి, 1831లో తన జీవితకథను అరబీలో వ్రాశాడు, 1864లో బానిసగానే కన్నుమూశాడు. ముసల్మాను పదవిలోకి వస్తాడేమోనని చర్చించుకున్న రాష్ట్రంలో ముసల్మాను గొలుసుల్లో ఉంటే అడిగినవారు లేరు.

మాడిసన్‌కు ఈ లోపం కొంత తెలుసు. పెద్ద దేశంలో వర్గాలు అనేకం ఉంటాయి గనుక ఏ ఒక్కటీ మిగతావారిని అణచలేదు, చిన్నచోటనే ఎక్కువమంది చేరి తక్కువమందిని తొక్కడం సులువు అని ఆయన ముందే వ్రాశాడు. 1789లో ఇంకొక సవరణ కూడా పెట్టాడు. ఏ రాష్ట్రమూ మనస్సాక్షి స్వేచ్ఛను, పత్రికా స్వేచ్ఛను, జ్యూరీ విచారణను భంగపరచరాదని. తన సవరణలన్నిటిలో ఇదే విలువైనదని ఆయన అభిప్రాయం. ప్రతినిధుల సభ ఒప్పుకుంది, సెనేటు తీసేసింది. ఫలితంగా హక్కుల పత్రం కేంద్రాన్నే కట్టేసింది, రాష్ట్రాలను వదిలేసింది. 1833లో బారన్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే స్పష్టంగా చెప్పింది. అంతర్యుద్ధం జరిగి, 1868లో పద్నాలుగవ సవరణ వచ్చిన తరువాతగాని రాష్ట్రాల చేతులు కట్టే దారి తెరుచుకోలేదు.

మనకు మిగిలేది

దూరపు ప్రభుత్వం అన్యాయం చేస్తుందన్నది యాంటీ ఫెడరలిస్టుల భయం. అది సరైన భయమే. దగ్గరి ప్రభుత్వం కూడా అన్యాయం చేయగలదన్నది వారు మరిచిన సంగతి. పక్కింటివాడు పాలించినంత మాత్రాన పాలన దయగలది కాదు.

మన రాజ్యాంగ సభలో కూడా 1946 నుంచి 1949 వరకు కేంద్రం బలమెంత ఉండాలనే వాదన సాగింది. గ్రామాన్నే పాలనకు పునాది చేయాలన్నవారికి 1948 నవంబరులో డాక్టర్ అంబేద్కర్ ఘాటుగానే జవాబిచ్చారు. గ్రామంలో అణగారినవారు ఏమి అనుభవించారో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు గదా. చివరికి 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగంలో ప్రాథమిక హక్కులు మొదటి రోజు నుంచే ఉన్నాయి. పన్నెండవ అధికరణం చదివితే, ఆ హక్కులు కేంద్రానికీ, రాష్ట్రాలకూ, స్థానిక అధికార సంస్థలకూ అన్నిటికీ వర్తిస్తాయని ఉంటుంది. ఢిల్లీ అయినా, మన ఊరి మునిసిపాలిటీ అయినా ఒకే కట్టు. అమెరికా ఎనభై ఏళ్లు తంటాలు పడి, రక్తం చిందించి నేర్చుకున్న పాఠం మనకు మొదటే వ్రాతలోకి వచ్చింది. వ్రాత ఉన్నంత మాత్రాన సరిపోదు, నిజమే. దాన్ని చూపించి అడిగేవాడు కావాలి.

అందుకే వెనుక వరుసలోంచి లేచి ప్రశ్న అడిగే పెద్దమనిషిని విసుక్కోకండి. ఆయన తీర్మానం ఓడిపోవచ్చు. ఆయన చెప్పినదాంట్లో సగం తప్పు కూడా ఉండవచ్చు. కాని ఆయన అడిగిన ప్రశ్నను మినిట్స్ పుస్తకంలో వ్రాసిపెట్టమని కార్యదర్శులకు మా మనవి. మేసన్ అడిగినప్పుడు ఒక్క రాష్ట్రం కూడా చెయ్యెత్తలేదు. ఐదేళ్లు తిరగకుండా అదే ఆ దేశానికి చట్టమయింది.